అక్క చదవడం ఆపిన చోటు

బస్సు డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసే ఒకతను పందొమ్మిదేళ్ళలో ఐదు నవలలు రాశాడు. ఐదూ ఐదు రకాలు. మొదటిది డిటెక్టివ్ నవల, రెండోది దెయ్యాల నవల, మూడోది ప్రేమకథ, నాలుగోది రాజులూ కోటలూ ఉన్న చారిత్రక నవల, ఐదోది అంతరిక్షంలో తిరిగే ఓడ గురించి. లైబ్రరీలో అతని పుస్తకాలు ఐదు వేర్వేరు బీరువాల్లో ఉండేవి. ఒక బీరువా దగ్గర అతన్ని అభిమానించే పాఠకుడికి పక్క బీరువాలో ఉన్నదీ అతనేనని తెలిసేది కాదు.

దీనివల్ల అందరికంటే ఎక్కువ నలిగినవాడు ప్రచురణకర్త. మనిషి మంచివాడే. నవల చేతికిచ్చిన ప్రతిసారీ మొదటి పేజీ చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, నుదురు రుద్దుకునేవాడు.

"మీ డిటెక్టివ్ నవలకి వెర్రెత్తిపోయినవాళ్ళు రెండోది కొన్నారండి. అందులో దెయ్యం కనబడేసరికి నామీద పడ్డారు. సరే, దెయ్యాలవాళ్ళనే పోగేసుకుందామనుకుంటే మీరు వెళ్ళి ప్రేమలో పడ్డారు. ఎక్కడో ఒకచోట నిలబడండి సార్. నేనొచ్చి మీ పక్కనే కొట్టు పెట్టుకుంటాను."

అతను నవ్వి ఊరుకునేవాడు. సభల్లో ఎవరైనా ఇదే ప్రశ్న వేస్తే చెప్పడానికి అతని దగ్గర రెండు జవాబులు తయారుగా ఉండేవి. పెద్ద సభయితే, "జీవితమే ఒక్క రకంగా లేనప్పుడు కథ ఒక్క రకంగా ఎలా ఉంటుంది?" అనేవాడు. చప్పట్లు పడేవి. చిన్న సభయితే, "రోజంతా ఒకే దారిలో పోయి ఒకే దారిలో వచ్చే బస్సుల్ని చూసేవాణ్ణి, కనీసం నవలల్లోనైనా రూటు మార్చుకోనివ్వండి" అనేవాడు. నవ్వులు పడేవి. అతని భార్య స్కూల్లో లెక్కల టీచరు. ఒకసారి సభ నుంచి ఇంటికి నడుస్తూ ఆమె అంది:

"మీరు చెప్పే రెండు కారణాలూ బాగానే ఉన్నాయి. ఒక్కటే అయ్యుంటే నమ్మేదాన్ని."

అసలు కారణం ఆమెకు తెలుసు. అతని అక్క.

అక్క అతనికంటే పదేళ్ళు పెద్దది. కళ్ళజోళ్ళ షాపు నడుపుతుంది. కింద షాపు, పైన రెండు గదుల ఇల్లు. పెళ్ళి ఊసెత్తిన బంధువులతో "ఫ్రేము నచ్చలేదు" అని తేల్చేసి, తర్వాత ఆ మాట ఎత్తే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని ఇప్పటికీ తన చేత్తోనే చేస్తుంది. తల్లి స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పొద్దున్నించి సాయంత్రం దాకా ఉండిపోయేది కాబట్టి, తమ్ముడికి తల దువ్విందీ, చదువు చెప్పిందీ, అన్నం తిననంటే కథలు చెప్పి తినిపించిందీ అక్కే. అతనికి కథ అంటే ఏమిటో తెలిసిందే ఆమె నోట.

అటువంటి అక్క అతని నవల ఒక్కటీ చివరిదాకా చదవలేదు.

మొదటి పుస్తకం అచ్చయి రాగానే తొలి కాపీ ఆమెకే ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత వెళితే పుస్తకం మంచం పక్కన ఉంది, మధ్యలో గుర్తుగా ఒక చీటీ. కళ్ళ నంబర్లు రాసే షాపు చీటీ అది. నెల తర్వాత వెళ్ళినా చీటీ అక్కడే ఉంది.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా. కళ్ళు లాగుతున్నాయి."

ఊరందరి కళ్ళూ సరిచేసే మనిషి ఆ మాట అంటే ఏమనుకోవాలో అతనికి తోచలేదు. డిటెక్టివ్ కథలు ఆమెకు పడవేమో అనుకున్నాడు. చిన్నప్పుడు ఆమె చెప్పినవన్నీ దెయ్యాల కథలే కదా అని గుర్తొచ్చి, రెండో నవలలో దెయ్యాన్ని పెట్టాడు. దానిలోనూ చీటీ మధ్యలోనే ఆగింది. ప్రేమకథలో ఇంకాస్త ముందే ఆగింది. అక్క టీవీలో రాజుల సీరియల్ వదలకుండా చూస్తోందని విని కోటల గురించి రెండేళ్ళు చదివి, మూడేళ్ళు రాశాడు. "గుర్రాలు బాగా పరిగెత్తాయిరా" అంది ఆమె, అంతే. ఐదోసారి, భూమ్మీద ఉన్నవేవీ నచ్చడం లేదు కాబట్టి, ఆకాశంలోకి వెళ్ళాడు.

పాఠకులు వేలల్లో ఉన్నారు. అతను రకం మార్చింది మాత్రం ఒక్క మనిషి కోసం. ఇది సభలో చెప్పుకునే సంగతి కాదు.

ఇలా ఉండగా ప్రచురణకర్తకు ఒక ఆలోచన వచ్చింది. ఐదు నవలల్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టి అమ్మాలని. రకరకాలుగా ఉండటమే దాని గొప్ప అని చెప్పాలని. "ఇన్నాళ్ళూ మనకి జబ్బనుకున్నదాన్నే అందం అని చెబుదామండీ" అన్నాడు. దానికి రచయిత ముందుమాట కావాలి. ఐదు రకాలు ఎందుకు రాశాడో తన మాటల్లో చెప్పాలి, నాలుగు పేజీలు చాలు. మళ్ళీ అచ్చువేయడానికి పాత కాపీలు కూడా కావాలన్నాడు, తన గోడౌన్లో చెదపురుగులు తినగా మిగిలినవి పనికిరావట.

అతను వారం రోజులు ముందుమాటతో కుస్తీ పట్టాడు. పెద్ద సభ జవాబుతో మొదలుపెడితే రెండో పేజీకే గాలి తీసిన టైరులా కూర్చుంది. చిన్న సభ జవాబు అరపేజీ కూడా రాలేదు. చివరికి ఆ పని పక్కన పెట్టి, పాత కాపీల సంగతి చూద్దామనుకున్నాడు. తన దగ్గర ఒక్కటీ లేదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాడు. ఐదూ భద్రంగా ఉండేది ఒక్క చోటే.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు. ఆదివారం కూడా షాపు తెరిచే ఉంటుంది. ఆమె ఎవరికో అక్షరాల బోర్డు చదివిస్తూ, తాళం చెవులు అతని చేతిలో పెట్టి, "పైన అలమరలో ఉన్నాయి, తీసుకో. దుమ్ముంటుంది, దులుపుకో" అంది.

దుమ్మేమీ లేదు. ఐదు పుస్తకాలూ వరసగా, వెన్నులు సమానంగా సర్ది ఉన్నాయి. ఐదింటిలోనూ చీటీలు ఉన్నాయి. పుస్తకాలు ప్రెస్సుకి పోతాయి కాబట్టి చీటీలు తీసేద్దామని కుర్చీలో కూర్చుని మొదటిది తెరిచాడు. అలవాటుకొద్దీ ఆ పేజీ చదివాడు. తను రాసిందే అయినా పందొమ్మిదేళ్ళయింది, కొత్తగా ఉంది.

ఆ పేజీలో డిటెక్టివ్ ఆ ఇంటి వంటమనిషిని నిలదీస్తున్నాడు. మీ యజమాని ఎక్కడికి పోయాడో నీకు మొదటిరోజే తెలుసు, ఎందుకు చెప్పలేదు?

రెండోది తెరిచాడు. గోడౌన్ కాపలాదారు ముందు దెయ్యం నిలబడి ఉంది. నన్ను వెతుకుతున్నవాళ్ళకి నేనిక్కడున్నానని ఎందుకు చెప్పలేదు?

మిగిలిన మూడూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాడు. ప్రేమకథలో ఒక నర్సు తన స్నేహితురాలికి వచ్చిన ఉత్తరాన్ని పెట్టెలో దాచేసింది, ఆ స్నేహితురాలే ఇప్పుడు అడుగుతోంది. కోట కథలో రాజు బతికే ఉన్నాడని తెలిసిన వేగులవాడు రాణికి ఆ మాట చెప్పలేదు. అంతరిక్షపు ఓడలో రేడియో ఆపరేటరు, తప్పిపోయిన మనిషి గొంతు విని కూడా కెప్టెన్‌కి చెప్పలేదు. ఐదు చోట్లా ఒకటే ప్రశ్న. నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?

ప్రశ్న ఉన్న పేజీలోనే చీటీ ఉంది. ఒక్కదాంట్లో కూడా అక్క జవాబు దాకా వెళ్ళలేదు.

ఇక్కడ వాళ్ళ నాన్న సంగతి చెప్పాలి. పేపరు మిల్లులో ఫిట్టరు. తమ్ముడికి ఎనిమిదేళ్ళప్పుడు, ఒక రోజు రెండో షిఫ్టుకని వెళ్ళి తిరిగి రాలేదు. మిల్లులో అడిగితే వారం ముందే పని మానేశాడన్నారు. అమ్మ వెతకనిచోటు లేదు. తర్వాత పదిహేనేళ్ళకి అమ్మ పోయింది. పోయిన నెల రోజులకి అక్క తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. నాన్న వెళ్ళిపోయిన మరుసటి ఏడాది తను ఆయన్ని చూసిందని, అమ్మకి చెప్పలేదని. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు. "పోన్లే అక్కా, అయిపోయిందిగా" అన్నాడు. నిజంగానే అయిపోయిందనుకున్నాడు. ఆరు నెలల తర్వాత మొదటి నవల మొదలుపెట్టాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని అతనికి ఎన్నడూ తట్టలేదు.

ఐదు పుస్తకాలూ పట్టుకుని కిందికి దిగాడు. అక్క యంత్రం ముందు కూర్చుని అద్దం అంచు అరగదీస్తోంది. తిరిగే రాయి మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, తెల్లటి బురద చేతుల మీదికి చిమ్ముతోంది. అతను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె తలెత్తి అతని ముఖం చూసింది, ఒళ్ళో ఉన్న పుస్తకాలు చూసింది. యంత్రం ఆపింది.

"చూశావా?" అంది.

"చూశాను."

"ఇన్నాళ్ళు పట్టిందేంట్రా? రాసినవాడివి నువ్వే కదా."

"నాకు తెలీదక్కా. ఒట్టు. నీకోసం రకం మారుస్తున్నాననుకున్నాను. నీకు నచ్చేది ఏదో కనుక్కుందామని."

అక్క చేతులు తుడుచుకుంది. "నాకు అన్నీ నచ్చాయిరా. ఆ పేజీ దాకా. నువ్వు దెయ్యాన్ని పంపినా, గుర్రం మీద వచ్చినా, ఆకాశం నుంచి దిగినా అదే ప్రశ్న అడుగుతావు. అక్కణ్ణుంచి నీ తీర్పు మొదలవుతుందని తెలిసిపోయేది. పుస్తకం మూసేసేదాన్ని." గుడ్డ పక్కన పెట్టి, "ఏం చేశావు వాళ్ళని?" అని అడిగింది.

"ఎవర్ని?"

"ఆ ఐదుగుర్నీ."

అతను చెప్పాల్సి వచ్చింది. వంటమనిషి జైలుకి పోయింది. కాపలాదారుకి మతి చలించింది. నర్సు ఒంటరిగా మిగిలింది. వేగులవాడి తల తీశారు. రేడియో ఆపరేటర్ని గాలి లేని గదిలో పెట్టి తలుపేశారు.

"బాగుంది," అంది అక్క. కోపంగా అనలేదు. "శిక్షలు మాత్రం బాగా మార్చావు."

"శిక్ష పడకుండా చూద్దామనే రకం మార్చానేమో అక్కా." ఆ మాట అతని నోటివెంట వచ్చాకే అది నిజమని అతనికి తెలిసింది. తడుముకుంటూ చెప్పాడు. డిటెక్టివ్ నవల అన్నాక దాచినవాళ్ళు దొరకాలి, అది దాని రూలు. దెయ్యం వచ్చాక వదలకూడదు. ప్రేమకథలో ఉత్తరం దాచినవాళ్ళకి సుఖం ఉండకూడదు. "ఒక దాంట్లో వదిలిపెట్టడం కుదరకపోతే ఇంకో దాంట్లో కుదురుతుందేమోనని వెళ్ళాను. అక్కడికి పోతే అక్కడా ఒక రూలు."

అప్పుడే ఒక ముసలాయన ముక్కు మీద నిలవని కళ్ళజోడు పట్టుకుని లోపలికొచ్చాడు. అక్క లేచి, చిన్న స్క్రూడ్రైవరుతో మర బిగించి, చెవుల దగ్గర కాడలు కాస్త వంచి, ఆయన తల అటూ ఇటూ ఊపి చూసుకునేదాకా నిలబడింది. ఆయన "ఎంతమ్మా?" అంటే, "దీనికేం తీసుకుంటాం, వెళ్ళిరండి" అని పంపేసింది. వచ్చి కూర్చుంది.

"అయితే వదిలేసే రకం ఏదీ లేదా?"

"ఉందేమో. నాకు దొరకలేదు."

"నీకు చెప్పింది సగమేరా," అంది అక్క.

మిగతా సగం ఆమె అద్దాల పెట్టె వైపు చూస్తూ చెప్పింది. అప్పుడామెకు పందొమ్మిదేళ్ళు, ఈ షాపులోనే పని నేర్చుకుంటోంది. షాపు యజమాని ఫ్రేములు తెమ్మని వేరే ఊరు పంపాడు. నది దాటడానికి లాంచీ టికెట్టు కొనబోతే, కౌంటరు లోపల నాన్న ఉన్నాడు. చిల్లర ఇవ్వబోతూ ఆమెను చూసి ఆగిపోయాడు. వెనక జనం ఉన్నారు. పక్కకి రమ్మన్నాడు. అమ్మ ఎలా ఉందన్నాడు, తమ్ముడు చదువుతున్నాడా అన్నాడు. తర్వాత అన్నాడు: "మీ అమ్మ రమ్మంటే వస్తాను. చెప్పు."

"చెబుతానన్నాను," అంది అక్క. "లాంచీలో అంతసేపూ ఎలా చెప్పాలా అనే ఆలోచిస్తూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి నువ్వు గది మధ్యలో డబ్బా ఒకటి తాడుకి కట్టి లాగుతున్నావు. ఇల్లు ఎగిరిపోయేంత చప్పుడు. అమ్మ కుట్టుకుంటూ దానికి తగ్గట్టు ఏదో పాడుతోంది. నీకు గుర్తుందో లేదో, నాన్న ఉన్నన్నాళ్ళూ మన ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడయ్యేది కాదు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నెలలకి నెలలు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అంతే. అమ్మ మునివేళ్ళ మీద నడిచేది. నాలుగేళ్ళప్పుడు కూడా నువ్వు ఏడిస్తే దిండులోకే ఏడ్చేవాడివి. ఆ రోజు ఆ చప్పుడు విని, రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు కూడా చప్పుడు చేశావు."

అతను ఒళ్ళో పుస్తకాల వెన్నులు సరిచేశాడు.

"అమ్మ రమ్మనేదిరా. అదే నా భయం. తప్పకుండా రమ్మనేది."

అతను పుస్తకాలు తీసుకుని లేచాడు. చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక, గుమ్మం దగ్గర ఆగి, "వస్తానక్కా" అన్నాడు. "జాగ్రత్త, మెట్టు ఉంది" అంది ఆమె, ఎప్పుడూ అనే మాటే.

తర్వాత పన్నెండు రోజులు అతను ఆ వైపు వెళ్ళలేదు. డ్యూటీకి వెళ్ళాడు, బస్సుల రాకపోకలు రాశాడు, ఇంటికొచ్చాడు. రమ్మంటే వచ్చేవాడట నాన్న. ఆ ఒక్క ముక్క పళ్ళ మధ్య ఇరుక్కున్నట్టు ఉండేది. స్కూల్లో తండ్రి సంతకం అడిగిన ప్రతిసారీ తను చెప్పిన అబద్ధాలు వరసగా గుర్తొచ్చాయి. ఒక రోజు అక్క మీద ఎంత కోపం వచ్చిందంటే, డిపోలో డ్రైవరెవరో రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే పది నిమిషాలు కేకలేశాడు. ఆ డ్రైవరు బిత్తరపోయి, "ఒంట్లో బాగోలేదా సార్?" అన్నాడు. ఇంటికొచ్చి భార్యకి మొత్తం చెప్పాడు.

ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతూనే వింది. అయ్యాక ఎర్రపెన్ను మూత పెట్టింది.

"వదిన చెప్పి ఉంటే బాగుండేదా?"

"తెలీదు."

"తెలీకపోతే మరి ఐదుగురికి శిక్షలెలా వేశారు?"

అతను లేచి వెళ్ళి పడుకున్నాడు. డబ్బా లాగిన సంగతి గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు. రాలేదు. కానీ దిండులోకి ఏడవడం మాత్రం వద్దన్నా గుర్తొచ్చింది. దూది వాసన, తడి, ఊపిరాడకపోవడం. అది ఎప్పటిదో, ఎందుకో అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. పదమూడో రోజు షాపుకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, టీ తెప్పించమన్నాడు. అక్క తెప్పించింది. ఇద్దరూ తాగారు. షాపు అద్దె పెంచమంటున్న ఇంటివాళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

ముందుమాట మూడు వాక్యాలతో ముగిసింది. తను రాసిన ఐదు నవలలూ నిజానికి ఒకటేనని, అది తనకి ఈమధ్యే తెలిసిందని, పాఠకులు ముందే కనిపెట్టి ఉంటే మన్నించమని. ప్రచురణకర్త నాలుగు పేజీలు అడిగానని గొణిగాడు. తర్వాత, చిన్నదిగా ఉంటే లోతుగా ఉందనుకుంటారులే అని సమాధానపడి అచ్చు వేశాడు. పెట్టెలు బాగానే అమ్ముడయ్యాయి.

ఆ తర్వాత అతను రెండేళ్ళు ఒక నవల రాశాడు. అందులో డిటెక్టివ్ లేడు, దెయ్యం లేదు, కోట లేదు. ఒకమ్మాయి ఒక సంగతి తెలుసుకుంటుంది, ఇంటికొచ్చి చెప్పదు, మర్నాడు పనికి వెళుతుంది. అలా ముప్పై ఏళ్ళు పనికి వెళుతుంది. ఆమెను ఎవరూ పట్టుకోరు, ఎవరూ క్షమించరు కూడా. ఇది ఏ రకమని ప్రచురణకర్త అడిగితే, తనకీ తెలియదన్నాడు. ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నాడు.

అచ్చుకి ఇవ్వకముందే రాతప్రతి అక్కకి ఇచ్చాడు. అలా ఇవ్వడం అదే మొదటిసారి. పదకొండు రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసింది.

"అయిపోయిందిరా."

"మొత్తమా?"

"మొత్తమే. ఒక్క చోట కొట్టేశాను. అడక్కుండా కొట్టేసినందుకు ఏమనుకోకు."

వెళ్ళి చూస్తే, లాంచీ కౌంటరు దగ్గర తండ్రి అన్న మాట మీద నల్లటి సిరా గీత ఉంది. మీ అమ్మ రమ్మంటే వస్తాను. చదవడానికి వీల్లేకుండా మూడుసార్లు గీసింది.

"ఆ మాట అమ్మకే చెప్పలేదు," అంది. "ఊళ్ళోవాళ్ళకెందుకు?"

అది లేకపోతే కథకి నడుమే ఉండదని అతనికి తెలుసు. వాదించవచ్చు. నవల తనది. ఆ కాగితాన్ని రాతప్రతిలో సర్ది, "సరే అక్కా" అన్నాడు.

ఆ వాక్యం లేకుండానే పుస్తకం వచ్చింది. పాత నవలల్లో సగం కూడా అమ్ముడుపోలేదు. ఒక పత్రికలో సమీక్ష రాసిన పెద్దమనిషి భాషను మెచ్చుకుని, ఆ అమ్మాయి ఎందుకు నోరు మెదపలేదో పాఠకుడికి సరిగ్గా అందదని, లాంచీ రేవు దగ్గర రచయిత ఏదో తప్పించుకుపోయాడని రాశాడు. భార్య ఆ ముక్క పైకి చదివి వినిపించింది.

"నిజమే. సరిగ్గా పట్టుకున్నాడు," అన్నాడు అతను.

మరుసటి వారం కొత్త నోటుపుస్తకం కొని, ఒక దొంగల కథ మొదలుపెట్టాడు. ఎవరి కోసమూ కాదు, ఈసారి దొంగల గురించి రాయబుద్ధయింది.